కరెంటు పెడితే స్కిర్మియాన్ ఎటు పోతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి మే నెలలో సమ్మర్ ప్రాజెక్టుల కోసం మన ఎమ్మెస్సీ పిల్లలు బెంగళూరు వస్తారు. తిరుపతి, అనంతపురం, వరంగల్, విశాఖ నుంచి వచ్చి మత్తికెరె, యశ్వంతపుర పీజీల్లో దిగుతారు. బస్సులో "టాటా ఇన్‌స్టిట్యూట్" అంటేనే కండక్టరుకి ఐఐఎస్సీ అని అర్థమవుతుందని మొదటి వారంలోనే నేర్చుకుంటారు. స్కిర్మియాన్ల మీద ప్రాజెక్టు దొరికినవాళ్లు ఆదివారం సాయంత్రం మా గదికి వస్తారు. ల్యాబ్ మీటింగులో ఇంగ్లీషులో విని తలూపినవే ఇక్కడ తెలుగులో మళ్లీ అడుగుతారు. ఏటా పిల్లలు మారుతున్నారు గానీ సందేహాలు మారడం లేదు. అందుకే వాళ్లు అడిగిన మాటల్లోనే ఇక్కడ పెట్టాను. ఏ ప్రశ్నతో మొదలుపెట్టినా ఇబ్బంది లేదు.

## ఇంకా పేపర్లు తెరవకముందు

స్కిర్మియాన్ అంటే కణమా, సుడా? ఒక్క ముక్కలో చెప్పన్నా.

అదొక అమరిక. అయస్కాంత పదార్థంలో ఒక్కో పరమాణువు దగ్గర ఒక చిన్న బాణం ఉందనుకోండి, అదే స్పిన్. పలుచని ఫిల్మ్‌లో బాణాలన్నీ పైకి చూస్తున్నాయి. ఒక్క చోట మాత్రం నడిమి బాణం కిందికి చూస్తోంది. ఆ నడిమి నుంచి అంచు దాకా బాణాలు కొద్దికొద్దిగా వాలుతూ తిరుగుతూ చివరికి పైకి వచ్చేస్తాయి. ఆ గుండ్రటి ముగ్గు పేరే స్కిర్మియాన్.

నాకు నచ్చిన పోలిక కదంబం పువ్వు. బంతిలా ఉండి అన్ని వైపులకీ కేసరాలు పొడుచుకొని ఉంటాయి. ఆ బంతిని పైన చిన్న గాటు పెట్టి, బత్తాయి తొక్క విప్పినట్టు విప్పి, కేసరాల దిక్కులు మార్చకుండా పళ్లెంలో పరిచామనుకోండి. నడుమ కిందికి చూసే కేసరం, చుట్టూ బయటికి చూసేవి, అంచున పైకి చూసేవి వస్తాయి. ఇది నీల్ రకం. మధ్యలో ఉన్నవి బయటికి చూడకుండా పక్కకి తిరిగి సుడిలా ఉంటే బ్లాక్ (Bloch) రకం. పదార్థాన్ని బట్టి సైజు ఒక నానోమీటరు నుంచి కొన్ని వందల నానోమీటర్ల దాకా ఉంటుంది. పదార్థం ముక్క కాకపోయినా అది కదులుతుంది, పక్కదాన్ని తోస్తుంది, గుంటలో చిక్కుకుంటుంది. అందుకే కణం అనుకుని లెక్క కట్టినా లెక్క కుదురుతుంది.

ఈ పేరు ఎక్కడి నుంచి వచ్చింది?

టోనీ స్కిర్మ్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1960ల మొదట్లో ప్రోటాన్, న్యూట్రాన్లను ఒక క్షేత్రంలో పడిన విడిపోని ముడులుగా ఊహించాడు. ఆ గణితం అయస్కాంతాల్లోకి వచ్చినప్పుడు పేరు కూడా వెంట వచ్చింది. అయస్కాంతాల్లో ఇలాంటి సుడులు నిలబడగలవని బొగ్దనోవ్, యబ్లోన్‌స్కీ 1989లో లెక్క కట్టి చూపారు. 2009లో మ్యూనిక్ బృందం న్యూట్రాన్లతో మాంగనీస్ సిలిసైడ్ స్ఫటికంలో వాటి బారులను పట్టుకుంది. మరుసటి ఏడే జపాన్ బృందం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో నేరుగా ఫోటో తీసింది.

బాణాలన్నీ ఒకే వైపు ఉంటే హాయిగా ఉంటుంది కదా, మెలిక ఎందుకు తిరగడం?

పక్కపక్క స్పిన్లను ఒకే వైపు నిలబెట్టే శక్తి ఎక్స్‌ఛేంజ్. పక్క స్పిన్‌కి లంబంగా తిరగమనే శక్తి ఇంకొకటి ఉంది. ద్జ్యలోషిన్‌స్కీ 1958లో దాన్ని గుర్తించాడు, 1960లో మోరియా దాని మూలాన్ని వివరించాడు. ల్యాబుల్లో దాన్ని డీఎంఐ (ద్జ్యలోషిన్‌స్కీ-మోరియా ఇంటరాక్షన్) అంటారు. ఈ రెండింటి లాగులాటలో ఏదీ పూర్తిగా గెలవదు. అందుకే మెలిక పడుతుంది.

డీఎంఐ ఊరికే రాదు, స్ఫటికానికి ఎదురుబొదురు సౌష్ఠవం లోపించాలి. మాంగనీస్ సిలిసైడ్, ఐరన్ జెర్మేనియం లాంటివి పుట్టుకతోనే అలాంటి స్ఫటికాలు. మనం స్పటరింగ్‌తో, అంటే లోహాన్ని పరమాణువులుగా చిమ్మి వేసే ఫిల్ముల్లో సౌష్ఠవాన్ని మనమే చెడగొడతాం. కోబాల్ట్ కింద ప్లాటినం, పైన ఇంకో పదార్థం పెడితే పైనా కిందా ఒకేలా ఉండవు. ప్లాటినం లాంటి బరువైన లోహం హద్దు దగ్గర డీఎంఐ గట్టిగా పుడుతుంది.

"టోపలాజికల్ ప్రొటెక్షన్" ఉందంటే దాన్ని ఎవరూ చెరపలేరనేనా?

కాదు. ఈ మాటని ఎంత జాగ్రత్తగా వాడితే అంత మంచిది. రిపోర్టుల్లో నేను మొదట సరిదిద్దే వాక్యం ఇదే.

తలలో సుడి ఉంటుంది కదా. ఎంత దువ్వినా అది పోదు, జుట్టు ఎటు వాల్చినా ఎక్కడో ఒకచోట తేలుతుంది. రెండు సుళ్లుంటే రెండు పెళ్లిళ్లని పెద్దవాళ్లు అనేది కూడా సుళ్లను లెక్కపెట్టొచ్చు గనకే, ఒకటిన్నర సుడి ఉండదు. స్కిర్మియాన్‌కీ అలాంటి పూర్ణాంకం ఉంటుంది, దాన్ని టోపలాజికల్ ఛార్జ్ అంటారు. బాణాలు గోళం మీది దిక్కులన్నిటినీ ఎన్నిసార్లు చుట్టాయన్నదే ఆ అంకె. స్పిన్లను మెల్లగా, తెగకుండా ఎంత వంచినా ఆ అంకె ఒకటి నుంచి సున్నాకి జారదు.

"తెగకుండా" అన్నదే ఇక్కడ కీలకం. నిజమైన స్ఫటికంలో స్పిన్ల దిక్కు ఒక పరమాణువు నుంచి పక్క పరమాణువుకి అంచెలంచెలుగానే మారుతుంది. స్కిర్మియాన్ బాగా చిన్నదైపోతే నడిమి స్పిన్ ఒక్కసారిగా తిరగబడుతుంది, ముడి ఊడిపోతుంది. మందమైన స్ఫటికంలోనైతే బ్లాక్ పాయింట్ అనే ఒక బిందువు పుట్టి జిప్ విప్పినట్టు దాన్ని పొడవునా విప్పేస్తుంది. ఫిల్మ్ అంచు నుంచి బయటికి జారిపోవడం ఇంకో దారి. కాబట్టి దాని చుట్టూ ఉన్నది శక్తి అనే గట్టు. గట్టు ఎత్తు, ఉష్ణోగ్రత, ముడి విప్పడానికి ఉన్న దారుల సంఖ్య కలిసి దాని ఆయుష్షుని తేలుస్తాయి.

## కరెంటు ఆన్ చేశాక

కరెంటు దాన్ని ఏట్లో ఆకుని తోసుకుపోయినట్టు తోస్తుందా?

అక్కడ తోయడానికి వస్తువు లేదు. గాలికి వరిచేలో అల పరిగెడుతుంది, వెన్నులు మాత్రం ఉన్నచోటే ఉండి ఊగుతాయి. స్కిర్మియాన్ కదలడమూ అంతే. ముందున్న స్పిన్లు కిందికి వాలుతుంటే వెనకున్నవి పైకి లేస్తుంటాయి, అమరిక మాత్రం ముందుకు జరుగుతుంది. ఒక్క పరమాణువు కూడా చోటు మారదు.

కాబట్టి కరెంటు చేసే పని స్పిన్లను తిప్పడం. ఎలక్ట్రాన్ తన స్పిన్‌తో వస్తుంది, దారిలో స్థానిక స్పిన్లకు తగ్గట్టు తన దిక్కు మార్చుకుంటుంది. కోణీయ ద్రవ్యవేగం నిలిచి ఉండాలి కాబట్టి, ఎలక్ట్రాన్ ఎంత తిరిగిందో అంతకి అంత స్థానిక స్పిన్ ఎదురు తిరుగుతుంది. ఆ మెలితిప్పుడే టార్క్. దీన్ని మనసులో పెట్టుకుంటే స్కిర్మియాన్ చేసే వింత పనులు చాలావరకు వింతగా అనిపించవు. తోపు అనుకుంటే అన్నీ తలకిందులవుతాయి. మా పిల్లలు ఇరుక్కునేది చాలాసార్లు ఇక్కడే.

ఎస్‌టీటీ, ఎస్‌ఓటీ, రెండూ టార్కులేగా? నా ప్రాజెక్టుకి ఏది?

కరెంటు అయస్కాంత పొర గుండానే పారుతూ దాని స్పిన్లను తిప్పితే అది స్పిన్ ట్రాన్స్‌ఫర్ టార్క్, ఎస్‌టీటీ. మాంగనీస్ సిలిసైడ్ లాంటి స్ఫటికాల్లో పని చేసేది ఇదే.

పలుచని పొరల్లో కథ వేరు. కింద ప్లాటినం, టాంటలం లేదా టంగ్‌స్టన్ పొర ఉంటుంది. అందులో కరెంటు అడ్డంగా పారుతుంటే స్పిన్ హాల్ ఎఫెక్ట్ వల్ల ఒక రకం స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్లు పై వైపు, ఇంకో రకంవి కింది వైపు చేరతాయి. పైకి చేరినవి కోబాల్ట్ పొరలోకి స్పిన్‌ని మోసుకెళ్లి అక్కడి బాణాలను తిప్పుతాయి. ఇది స్పిన్ ఆర్బిట్ టార్క్, ఎస్‌ఓటీ. దీనితో బాగా ముందుకు సాగేవి నీల్ రకం స్కిర్మియాన్లు. మీ శాంపిల్‌లో బరువైన లోహం పొర ఉంటే దాదాపుగా మీది ఎస్‌ఓటీ అనుకోండి. ఒకే కరెంటు సాంద్రతకు సాధారణంగా దీనితోనే ఎక్కువ వేగం వస్తుంది.

స్కిర్మియాన్‌కి అతి తక్కువ కరెంటు చాలంటారు, మళ్లీ ప్రతి పేపర్లో చదరపు మీటరుకి 10¹¹ ఆంపియర్లు కనపడుతుంది. ఏది నిజం?

రెండూ నిజమే, శాంపిళ్లు వేరు.

2010లో మాంగనీస్ సిలిసైడ్‌లో స్కిర్మియాన్ల బారు చదరపు మీటరుకి సుమారు 10⁶ ఆంపియర్ల దగ్గరే స్పందించింది. ఆ అంకె చూసి భయపడకండి, చదరపు మిల్లీమీటరుకి ఒక ఆంపియర్ అంతే. మీ పీజీ గోడలో 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు 10 ఆంపియర్లు మోస్తే దానిలో కరెంటు సాంద్రత దీనికి ఆరేడు రెట్లు ఉంటుంది. అదే కాలంలో డొమైన్ వాల్‌ని, అంటే పైకి చూసే బాణాల ప్రాంతానికీ కిందికి చూసేవాటి ప్రాంతానికీ మధ్య గోడని, కదపడానికి 10¹¹ నుంచి 10¹² దాకా కావాల్సి వచ్చేది. అయిదారు సున్నాల తేడా వల్లే ప్రపంచమంతా స్కిర్మియాన్ల వైపు తిరిగింది.

కానీ ఆ ప్రయోగం సున్నా కింద 245 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో, చాలా శుద్ధమైన స్ఫటికంలో జరిగింది. పైగా అక్కడ స్కిర్మియాన్లు ఒకదానికొకటి కట్టిపడేసిన బారుగా ఉన్నాయి. ఒకటి గుంటలో పడబోతే మిగతావి లాగేస్తాయి. కదలిక మొదలవడానికి తక్కువ కరెంటు చాలింది గానీ ఆ కదలిక వేగం కూడా అతి తక్కువే. మనం స్పటరింగ్‌తో వేసే ఫిల్మ్‌లో సన్నని రేణువులు, మందంలో హెచ్చుతగ్గులు, హద్దుల్లో గరుకు ఉంటాయి. ఒంటరి స్కిర్మియాన్ వాటిలో చిక్కుకుంటుంది. గది ఉష్ణోగ్రతలో, సెకనుకి పదుల మీటర్ల వేగం కావాలంటే 10¹¹ చుట్టుపక్కలే కావాలి. "తక్కువ కరెంటు చాలు" అని రాసేటప్పుడు ఏ పదార్థంలో, ఏ ఉష్ణోగ్రతలో, ఎంత వేగానికి అన్నవి పక్కనే రాయండి. అవి లేకపోతే ఆ వాక్యానికి అర్థం లేదు.

10¹¹ అంటే ఫిల్మ్ కాలిపోదా?

లెక్క కట్టి చూడండి. ఒక మైక్రోమీటరు వెడల్పు, 10 నానోమీటర్ల మందం ఉన్న పట్టీ కోత వైశాల్యం 10⁻¹⁴ చదరపు మీటర్లు. 10¹¹తో గుణిస్తే ఒక మిల్లీఆంపియర్ వస్తుంది, అంతే. సాంద్రత పెద్దదైనా కరెంటు చిన్నది. దాన్ని కూడా ఎడతెగకుండా పెట్టం, నానోసెకన్ల పల్సులుగా పెడతాం. వేడి పుట్టినా పల్సుకీ పల్సుకీ మధ్య చల్లారే టైమ్ ఉంటుంది.

అయినా కాలిపోతాయి. నా మొదటి ఏడాదిలో 10 నానోసెకన్లు పెట్టాల్సిన చోట 10 మైక్రోసెకన్లు పెట్టాను. మూడు నెలలు కష్టపడి చేసుకున్న పట్టీ ఒక్క పల్సుతో తెగిపోయింది. ఆ రోజు నుంచి పల్స్ జెనరేటర్ తెరమీద ఉన్న యూనిట్‌ని వేలు పెట్టి పైకి చదివాకే బటన్ నొక్కుతున్నాను. మీరూ అలాగే చేయండి.

కాలకపోయినా వేడి తప్పుదారి పట్టిస్తుంది. వేడెక్కిన ఫిల్మ్‌లో స్కిర్మియాన్లు వాటంతటవే పుట్టొచ్చు, సైజు మారొచ్చు, అటూ ఇటూ గెంతొచ్చు. కదిలించింది టార్కా వేడా అన్నది తేల్చడానికి సులువైన పరీక్ష ఉంది. కరెంటుని తిరగేయండి. టార్క్ అయితే కదలిక తిరగబడుతుంది. వేడికి దిక్కు లేదు.

అది కరెంటు వైపు పోతుందా, ఎలక్ట్రాన్ల వైపు పోతుందా?

ఎస్‌టీటీలో ప్రధానంగా ఎలక్ట్రాన్లు పారే వైపు, అంటే కరెంటుకి ఎదురు. ఎస్‌ఓటీలో మాత్రం ఒక్క జవాబు లేదు. బరువైన లోహం స్పిన్ హాల్ గుర్తు ఒకటి, స్కిర్మియాన్‌లో బాణాలు ఏ వైపు మెలిక తిరిగాయన్నది ఇంకొకటి. ఈ రెండు గుర్తుల లబ్ధమే దిక్కుని తేలుస్తుంది. ప్లాటినం, టాంటలం గుర్తులు ఒకదానికొకటి వ్యతిరేకం. పొరలు వేసే క్రమం తలకిందులైతే కోబాల్ట్‌లోకి వచ్చే స్పిన్ గుర్తు, మెలిక గుర్తు రెండూ తిరగబడతాయి కాబట్టి శాంపిల్ నోట్‌బుక్‌లో క్రమం కింది నుంచి పైకి రాశామా, పై నుంచి కిందికా అన్నది స్పష్టంగా ఉండాలి.

ఎంత స్పీడు పోతుంది?

స్పిన్ పోలరైజేషన్ (కరెంటులో ఒకే వైపు స్పిన్ మొగ్గు) సగం, సంతృప్త అయస్కాంతత్వం మీటరుకి 6 లక్షల ఆంపియర్లు అనుకుంటే, 10¹¹ దగ్గర ఎస్‌టీటీ ఇచ్చే వేగం సెకనుకి సుమారు 5 మీటర్లు. సైకిల్ వేగం. 2016లో ప్లాటినం, కోబాల్ట్, టాంటలం పొరల్లో ఎస్‌ఓటీతో సెకనుకి 100 మీటర్లు దాటించారు. 2024లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ బృందం సింథటిక్ యాంటీఫెర్రోమాగ్నెట్ పొరల్లో (ఇవేంటో కింద చెప్పాను) 900 మీటర్ల దాకా తీసుకెళ్లింది. గాలిలో శబ్దం కంటే రెండున్నర రెట్లు! ఇక పరికరంలో దూరం ఎంతంటే, 100 మీటర్ల వేగంతో 10 నానోసెకన్లలో ఒక మైక్రోమీటరు.

## పక్కకి పోవడం గురించి

నేను కరెంటు నేరుగా పెట్టాను. అది ఏటవాలుగా ఎందుకు పోతోంది?

అందరూ అడిగే ప్రశ్న ఇది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కూడా.

తిరుగుతున్న బొంగరాన్ని వేలితో పక్కకి నెట్టండి. నెట్టిన వైపు పడదు, దానికి లంబంగా వాలుతూ తిరుగుతుంది. స్పిన్ అనేది స్వభావంలోనే బొంగరం, దానికి కోణీయ ద్రవ్యవేగం ఉంది. ఏ వైపు తిప్పబోయినా లంబంగా తిరుగుతుంది. స్కిర్మియాన్ అంటే ఒక పద్ధతిలో పేర్చిన వేల బొంగరాలు. విడివిడిగా ఒక్కోటి పక్కకి తిరిగితే, అన్నీ కలిసినప్పుడు ఆ పక్కకి పోవడాలు ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలిగా? మామూలు సమతల అమరికలో కొట్టేసుకుంటాయి. స్కిర్మియాన్‌లో కొట్టేసుకోవు, ఎందుకంటే బాణాలు గోళం మీది దిక్కులన్నిటినీ సరిగ్గా ఒకసారి చుట్టాయి. మిగిలిపోయిన మొత్తం ఆ టోపలాజికల్ ఛార్జ్‌కి అనుపాతంగా ఉంటుంది.

1973లో థీలే అనే శాస్త్రవేత్త దీన్నంతా ఒక్క సమీకరణంగా కుదించాడు. మాటల్లో చెబితే మూడు బలాలు కలిసి సున్నా కావాలి. కరెంటు ఇచ్చే బలం ఒకటి. వేగానికి ఎదురుగా ఉండే ఘర్షణ ఒకటి, అది డంపింగ్ వల్ల, అంటే స్పిన్ల ఊపు శక్తి పోగొట్టుకుని అణిగిపోవడం వల్ల వస్తుంది. వేగానికి ఎప్పుడూ లంబంగా ఉండే జైరో బలం మూడోది. ఈ మూడో బలం లేకపోతే స్కిర్మియాన్ నేరుగా పోయేది. ఉంది కాబట్టి పక్కకి తిరుగుతుంది. చిన్నస్వామి స్టేడియంలో స్పిన్నర్ వేసిన బంతి గాలిలోనే పక్కకి జరగడాన్ని దీనితో పోలుస్తారు. అక్కడ గాలి పీడనంలో తేడా పని చేస్తుంది, ఇక్కడ గాలి లేదు, పోలిక లంబంగా ఉండడం వరకే. దీన్నే స్కిర్మియాన్ హాల్ ఎఫెక్ట్ అంటారు. 2017లో రెండు బృందాలు దాన్ని నేరుగా చూసి ప్రచురించాయి.

ఇంకో మాట. జైరో బలం ఇబ్బంది మాత్రమే కాదు. ముందు గుంట వస్తే స్కిర్మియాన్ పక్కకి తిరిగి దాన్ని చుట్టి వెళ్లగలిగేది దీని వల్లే. ఆ గుణం, ఈ ఇబ్బంది ఒకే వేరు నుంచి వచ్చాయి.

ఆ కోణం ఫిక్స్‌డా? సూత్రంలో ఒక అంకె వస్తోంది, ప్రయోగంలో ఇంకోటి వస్తోంది.

గరుకు లేని ఫిల్మ్‌లో దాదాపు ఫిక్స్‌డే. డంపింగ్ ఎక్కువైతే కోణం తగ్గుతుంది. సైజు పెరిగితే కోణం తగ్గుతుంది, చిన్న స్కిర్మియాన్లే ఎక్కువ పక్కకి పోతాయి. ఎస్‌టీటీలో ఆల్ఫా (డంపింగ్ అంకె), బీటా (టార్క్‌లోని నాన్-అడయబాటిక్ భాగం అంకె) సమానమైతే అది నేరుగా పోతుంది.

నిజమైన ఫిల్మ్‌లో మాత్రం కోణం వేగంతో మారుతుంది. కరెంటు కాస్తే ఉన్నప్పుడు స్కిర్మియాన్ గుంట నుంచి గుంటకి పాకుతుంటుంది, కోణం సున్నాకి దగ్గరగా ఉంటుంది. కరెంటు పెరిగేకొద్దీ కోణం పెరుగుతుంది. 2017 ప్రయోగాల్లో సుమారు 30 డిగ్రీల దాకా వచ్చింది. ఒక్క కరెంటు దగ్గర కొలిచి "ఇదే కోణం" అని రాయకండి.

పక్కకి పోయి పోయి అంచుకి తగిలితే?

ముందు అంచు దాన్ని వెనక్కి తోస్తుంది. డీఎంఐ వల్ల పట్టీ అంచున స్పిన్లు కొంచెం వాలి ఉంటాయి, ఆ వాలుకి స్కిర్మియాన్ దగ్గరికి రావాలంటే శక్తి ఖర్చవుతుంది. మోస్తరు కరెంటులో అది అంచు పక్కనే జారుకుంటూ ముందుకు పోతుంది. కరెంటు ఇంకా పెంచితే ఆ గోడ చాలదు, అంచు దాటి మాయమవుతుంది. దాచిన సమాచారం పోయినట్టే. వేగానికి పైహద్దు చాలాసార్లు ఇక్కడే పడుతుంది.

మరి నేరుగా పోయేలా చేయలేమా?

చేయొచ్చు, చేశారు కూడా. రెండు అయస్కాంత పొరలు తీసుకుని మధ్యలో రుథీనియం లాంటి పలుచని పొర పెట్టి, ఒకదాని స్పిన్లు పైకి, ఇంకోదానివి కిందికి ఉండేలా కడతారు. పై పొర స్కిర్మియాన్‌కి ఛార్జ్ +1 అయితే కింది దానికి −1. ఒకటి ఎడమకి పోదామంటుంది, ఇంకోటి కుడికి పోదామంటుంది, విడిపోలేవు కాబట్టి జంటగా నేరుగా పరిగెడతాయి. కాడికి కట్టిన ఎడ్లు అనుకోండి. సింథటిక్ యాంటీఫెర్రోమాగ్నెట్ అంటే ఇదే.

రెండో దారి గడోలినియం, ఐరన్, కోబాల్ట్ మిశ్రమం లాంటి ఫెర్రిమాగ్నెట్లు. అందులో ఎదురెదురు స్పిన్లు ఒకే పొరలో ఉంటాయి. కోణీయ ద్రవ్యవేగం సున్నా అయ్యే ఒక ఉష్ణోగ్రత దగ్గర పక్కకి పోవడం ఆగిపోతుంది. అయితే ఆ ఉష్ణోగ్రత దగ్గరే నిలబెట్టాలి. నాకు మొదటి దారి మీదే నమ్మకం ఎక్కువ.

కరెంటు స్కిర్మియాన్‌ని కదిపితే, స్కిర్మియాన్ కరెంటుని ఏమీ చేయదా?

చేస్తుంది. ఎలక్ట్రాన్ స్పిన్ దారి పొడవునా స్థానిక స్పిన్లను అనుసరిస్తూ పోతే దానికి ఒక అదనపు దశ (ఫేజ్) అంటుకుంటుంది. అది అయస్కాంత క్షేత్రంలో పోయినప్పుడు వచ్చే దశ లాంటిదే. ఒక్కో స్కిర్మియాన్ ఒక క్వాంటమ్ ఫ్లక్స్‌తో సమానం, 4.14 × 10⁻¹⁵ వెబర్లు. అంత చిన్న చోటులో అంత ఫ్లక్స్ అంటే మాంగనీస్ సిలిసైడ్‌లో పది టెస్లాల స్థాయి. బయట అలాంటి అయస్కాంతమేమీ లేదు, ఎలక్ట్రాన్‌కి అలా అనిపిస్తుంది అంతే. దాని వల్ల వచ్చే అదనపు హాల్ వోల్టేజే టోపలాజికల్ హాల్ ఎఫెక్ట్. స్కిర్మియాన్లు కదిలితే ఫ్లక్స్ కదిలినట్టే, ఫెరడే చెప్పినట్టు ఒక విద్యుత్ క్షేత్రం పుడుతుంది. 2012లో దాన్ని కొలిచారు కూడా. గమనిక: హాల్ వోల్టేజ్‌లో ప్రతి చిన్న బొడిపెనీ స్కిర్మియాన్ అనుకోకండి. వేరే కారణాల వల్లా అలాంటివి వస్తాయి, బొమ్మ తీసి చూస్తేనే నమ్మకం.

## సిమ్యులేషన్, ల్యాబ్

మ్యూమ్యాక్స్ అనే సిమ్యులేషన్ ప్రోగ్రాములో నా స్కిర్మియాన్ ఒకసారి మాయమవుతోంది, ఇంకోసారి చారలా సాగిపోతోంది. తప్పు ఎక్కడ?

ఎక్కువసార్లు డీఎంఐ విలువలో. నాలుగు రెట్లు, ఎక్స్‌ఛేంజ్‌ని ఎఫెక్టివ్ అనైసోట్రపీతో గుణించిన దాని వర్గమూలం, భాగించు పై (π). అనైసోట్రపీ అంటే బాణాలు ఫిల్మ్‌కి నిటారుగా నిలవాలన్న మొగ్గు. డీఎంఐ ఈ హద్దు దాటితే ఫిల్మ్ తనంతట తానే చారలైపోతుంది. ప్లాటినం మీది కోబాల్ట్‌కి అందరూ వాడే విలువలు వేసి చూడండి: ఎక్స్‌ఛేంజ్ మీటరుకి 15 పికోజౌళ్లు, అనైసోట్రపీ ఘనపు మీటరుకి 0.8 మెగాజౌళ్లు, సంతృప్త అయస్కాంతత్వం మీటరుకి 580 కిలోఆంపియర్లు. డీమాగ్నెటైజేషన్ (ఫిల్మ్ సొంత అయస్కాంత క్షేత్రం ఖర్చు) తీసేస్తే ఎఫెక్టివ్ అనైసోట్రపీ సుమారు 0.59 మెగాజౌళ్లు అవుతుంది, హద్దు చదరపు మీటరుకి దాదాపు 3.8 మిల్లీజౌళ్లు వస్తుంది. 3 పెడితే స్కిర్మియాన్ నిలుస్తుంది. 4 పెడితే చార. మరీ తగ్గిస్తే కుంచించుకుపోయి మాయం. డీమాగ్ తీసేయడం మర్చిపోయి హద్దుని ఎక్కువగా లెక్కకట్టినవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.

ఈ విలువలకి డొమైన్ వాల్ వెడల్పు పరామితి 5 నానోమీటర్లే. కాబట్టి సెల్ సైజు, అంటే సిమ్యులేషన్ గడి కొలత, 1 నానోమీటరు, మహా అయితే 2. అయిదు పెడితే స్కిర్మియాన్ గళ్లలో ఇరుక్కుని అబద్ధపు పిన్నింగ్ (చిక్కుకోవడం) చూపిస్తుంది. కరెంటు పెట్టేముందు తప్పకుండా రిలాక్స్ చేయండి, అంటే స్పిన్లను తక్కువ శక్తి స్థితిలో కుదురుకోనివ్వండి.

సిమ్యులేషన్‌లో చిన్న కరెంటుకే పరిగెడుతోంది. ప్రయోగంలో కదలనే కదలదు. సార్ నన్ను తిడతారేమో, టెన్షన్‌గా ఉంది.

టెన్షన్ వద్దు, మీ తప్పేమీ లేదు. సిమ్యులేషన్ ఫిల్మ్ అద్దంలా నునుపు. దానిలో రేణువులు పెట్టండి. పది పదిహేను నానోమీటర్ల గింజలుగా విడగొట్టి, ఒక్కో గింజలో అనైసోట్రపీని కొన్ని శాతం అటూ ఇటూ మార్చండి. వెంటనే ఒక కనీస కరెంటు కనపడుతుంది, దాని కింద కదలిక ఆగిపోతుంది. గింజ సైజు స్కిర్మియాన్ సైజుకి దగ్గరైనప్పుడు చిక్కుకోవడం ఎక్కువ. ఒకటే గింజల అమరికతో సరిపెట్టకండి, పది రకాల అమరికలతో నడిపి సగటు తీయండి.

కళ్లతో చూడాలంటే ఏ పరికరం?

అర మైక్రోమీటరు పైన ఉంటే కాంతితో పని చేసే కెర్ మైక్రోస్కోపు చాలు, అదే అన్నిటికన్నా సులువు. చిన్నవాటికి మాగ్నెటిక్ ఫోర్స్ మైక్రోస్కోపు మన దేశంలో చాలా ల్యాబుల్లో ఉంది. దాని సూది తానే ఒక అయస్కాంతం, స్కిర్మియాన్‌ని లాగేయగలదు. తక్కువ మొమెంట్ ఉన్న సూది వాడి, రెండు వైపుల నుంచీ స్కాన్ చేసి పోల్చండి. లోరెంజ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో బ్లాక్ రకం బాగా కనపడుతుంది, నీల్ రకం శాంపిల్‌ని వాల్చితే తప్ప కనపడదు. నానోసెకన్లలో కదలికని చూడాలంటే సింక్రోట్రాన్ ఎక్స్‌రేలు కావాలి.

అసలు దాన్ని పుట్టించేదెలా?

2015లో అమెరికాలోని ఆర్గాన్ ల్యాబ్ చేసిన పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. పట్టీ మధ్యలో ఇరుకు సందు పెట్టి, చారగా ఉన్న డొమైన్‌ని కరెంటుతో ఆ సందులోంచి తోశారు. అవతల కరెంటు విసనకర్రలా విచ్చుకుంటుంది, చార చివర ఉబ్బి తెగి గుండ్రటి బుడగలై రాలుతుంది, పిల్లలు సబ్బు బుడగలు ఊదినట్టే. గది ఉష్ణోగ్రతలోనే. అంతకు రెండేళ్ల ముందు హాంబర్గ్‌లో సూది మొన నుంచి కరెంటు ఇచ్చి, అతి చల్లని స్థితిలో ఒక్కో స్కిర్మియాన్‌ని రాసి చెరిపారు. మామూలు ల్యాబులో అయితే అయస్కాంత క్షేత్రాన్ని మెల్లగా మారుస్తూ పల్సులు పెట్టడమే నడిచే దారి.

## ముందు ముందు

దీనితో మెమరీ చిప్ ఎప్పుడు వస్తుంది? పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగం ఉంటుందా?

ఇప్పుడు మార్కెట్లో స్కిర్మియాన్ మెమరీ లేదు. స్కిర్మియాన్ ఉంటే ఒకటి, లేకపోతే సున్నా అన్నది ఆలోచన. పట్టీలో డొమైన్ వాల్‌లను పరిగెత్తించే రేస్‌ట్రాక్ పద్ధతి స్టూవర్ట్ పార్కిన్‌ది. ఇబ్బంది ఎక్కడంటే, వేడికి స్కిర్మియాన్లు అటూ ఇటూ జరుగుతాయి, మధ్య ఖాళీలు మారితే సున్నాల లెక్క తప్పుతుంది. ఆ గెంతులనే యాదృచ్ఛిక సంఖ్యలకి, మెదడు తరహా లెక్కలకి వాడదామని కొందరు ప్రయత్నిస్తున్నారు. నాకు అది ఎక్కువ సహజంగా అనిపిస్తుంది.

ఉద్యోగం మాటకొస్తే, స్కిర్మియాన్ పేరుతో ఉద్యోగాలు వెతక్కండి. ఈ పని చేస్తే స్పటరింగ్, లితోగ్రఫీ, గిగాహెర్ట్జ్ కొలతలు, మైక్రోమాగ్నెటిక్స్ చేతికొస్తాయి. ఎంరామ్ అనే అయస్కాంత మెమరీ ఇప్పటికే అమ్ముడవుతోంది, సెమీకండక్టర్ కంపెనీలకు ఈ పనులు తెలిసినవాళ్లు కావాలి. ప్రాజెక్టు సీటు దొరకనివాళ్లు సైన్సు అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కి అప్లై చేయండి.

ఇంట్లో వాళ్లకి ఏం చేస్తున్నానని చెప్పాలి?

టేప్ రికార్డర్ చెప్పండి. క్యాసెట్‌లో పాట టేపు మీద ఉంటుంది, మోటారు టేపుని తిప్పుతుంటే అది హెడ్ ముందు నుంచి పోతుంది. మేం చేసేదానిలో టేపు కదలదు, మోటారు ఉండదు. టేపు మీద రాసిన అక్షరాలే కరెంటుతో నడుచుకుంటూ హెడ్ దగ్గరికి వస్తాయి. ఆ అక్షరాలు నడిచేటప్పుడు పక్కకి జారిపోకుండా చూడడం నా పని అనండి.

పోయిన ఏడు కడప నుంచి వచ్చిన అమ్మాయి నా ఎదుటే వాళ్ల నాన్నకి ఫోన్లో ఇలాగే చెప్పింది. పెన్సిలు పెట్టి క్యాసెట్లు చుట్టిన తరం ఆయనది. కాసేపు ఆగి ఆయన అడిగిన ప్రశ్న స్పీకర్లో నాకూ వినపడింది: "అయితే టేపు చిక్కుపడదన్న మాట. మరి ఆ అక్షరాలు ఒకదాన్నొకటి గుద్దుకోవా తల్లీ?"

గుద్దుకోవు నాన్నా, దగ్గరికొస్తే ఒకదాన్నొకటి తోసుకుంటాయి, అంది.